తులం ఎత్తు గుండు

తులం అనగానే మన ఇళ్ళలో ముందుగా గుర్తుకు వచ్చేది బంగారం. నేటి నగల దుకాణాలవారు పది గ్రాములనే తులమని లెక్క కడుతున్నారు గాని, అసలు తులం అంతకన్న బరువైనది. 1833లో కుంఫిణీ ప్రభుత్వంవారు 180 గ్రెయినులు ఒక తులమని స్థిరపరచారు. పాత వెండి రూపాయి ఎత్తు అదే. తొంభై ఆరు గురిగింజల ఎత్తు అన్నా అదే. గ్రాములలో చెప్పవలెనంటే 11.66.

ఈ గ్రెయిను అనే కొలత మన అంగళ్ళలోనుంచి ఏనాడో వెళ్ళిపోయింది. తుపాకి గుండ్ల వ్యాపారంలో మాత్రం నేటికీ చలామణిలో వున్నది. జింకలవంటి పెద్ద జంతువులను కొట్టే రైఫిలు తూటాల పెట్టెలమీద 130, 150, 165, 180 అని అంకెలు వుంటాయి. అవి గుండు బరువు. 180 అని వున్నదంటే ఆ గుండు సరిగ్గా తులం ఎత్తు. మామూలు గుండయితే అందులో చాలా భాగం సీసమే.

ధామన్కర్ నాకాలో నూలు వ్యాపారి గద్దెలో చిట్టాలు వ్రాసుకునే గుమాస్తాలకు రైఫిలు గుండ్లతో పనేమిటని పాఠకులు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. ఆ పని మాకు మా మేనల్లుడివల్ల వచ్చిపడింది.

మా అక్క కొడుకు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. అక్కడ నవంబరు నెల వచ్చిందంటే ఆఫీసులు సగం ఖాళీ అవుతాయట. తెల్లతోక జింకల వేట మొదలవుతుంది. మనవాడు తోటి ఉద్యోగులతో కలిసి రెండేళ్ళనుంచి వెళుతున్నాడు. ఊరికే తుపాకి భుజాన వేసుకొని పోవటానికి లేదు. తుపాకి జాగ్రత్తల తరగతికి పోయి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి, లైసెన్సు కొనాలి, దూరంనుంచి తోటి వేటగాండ్లకు కనబడేటట్టు మెరిసే నారింజ రంగు బట్ట తొడుక్కోవాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ ముచ్చట లేదు. వుండనక్కర కూడా లేదని మా అభిప్రాయం. అక్కడ జింకలు పొలాలు మేసి, రోడ్లమీద కార్లకు అడ్డంపడేటంతగా పెరిగివున్నవి గనుక ప్రభుత్వమే లెక్క ప్రకారం వేటకు అనుమతి ఇస్తుంది. ఎవరి దేశం సంగతి వారిది.

గడచిన నవంబరులో మనవాడు ఒక జింకను కొట్టాడు. మాంసం కసాయి దుకాణంలో కోయించి, కొంత ముక్కలుగా, కొంత ఖీమాగా పొట్లాలు కట్టించి ఫ్రీజరులో పెట్టాడు. ఇప్పుడు మా కోడలికి అయిదవ నెల. అక్క పురుటికి పోవటానికి వీసా కాగితాలు సిద్ధం చేసుకుంటున్నది. ఫోనులో కొడుకుతో, “ఆ దుప్పి మాంసం అట్లనే ఉంచురా, నేనొచ్చినంక చింతపండు పులుసు పెడతా. పిల్ల నోరు చప్పబడ్డదంటున్నది” అని చెప్పింది.

సరిగ్గా ఆ వారమే అక్కడి ఆస్పత్రిలో నర్సు మా కోడలిని అడగవలసినవన్నీ అడుగుతూ, వేట మాంసం తింటారా, ఏ గుండుతో కొట్టినది అని కూడా అడిగిందట. సీసపు గుండుతో కొట్టినదైతే మానుకోమని చెప్పింది. ఆ రాత్రి మేనల్లుడు మాకు ఫోను చేశాడు.

“మామా, అమ్మకు నేను చెప్తే వినదు. నువ్వు చదివి, నీకు నిజమనిపిస్తే నువ్వే చెప్పు. ఇంకోటి. ఈ నవంబరుకు ఏ తూటా కొనాలో గూడ చూసి చెప్పు. నువ్వు లెక్కల మనిషివి గదా.”

కాగితాలు పంపించాడు. మెట్రిక్యులేషను ఇంగ్లీషుతో, నిఘంటువు పక్కన పెట్టుకొని, పదిహేను రాత్రులు చదివాము. ఆ చదివినదానిలో మన ఇళ్ళకు పనికివచ్చేది ఇక్కడ వ్రాస్తున్నాము. మన పిల్లలు అనేకులు ఆ దేశాలలో వున్నారు. తాము వేటాడకపోయినా, పక్కింటివారు ప్రేమతో తెచ్చి ఇచ్చే మాంసం తినేవారున్నారు.

అక్క వేసిన మొదటి ప్రశ్న మాకూ తోచినదే. “మన తాత అడవిపందిని కొడితే ఊరంత తినలేదా? పంటికి గుండు తగిలితే తీసి పారేసేటోళ్ళం. ఎవరికేమయింది?”

మా తాతది మంథని ప్రాంతం. నిజాం రోజులలో ఆయన దగ్గర భర్మారు తుపాకి వుండేది. మూతినుంచి మందు కూరి, గుడ్డపేలిక దట్టించి, సీసపు గుండు వేసి కాల్చేది. దాని గుండు మెల్లగా పోతుంది. జంతువు ఒంట్లో పడి చదునవుతుంది గాని అంతగా ముక్కలు కాదు. అది బొత్తిగా నిరపాయమని మేము చెప్పటంలేదు. కాని నేటి రైఫిలు సంగతి వేరు. మనవాడి .308 వించెస్టరు రైఫిలు నుంచి గుండు సెకనుకు సుమారు 2,800 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. అంటే ఒక్క సెకనులో అర మైలు పైమాట. సీసం గోటితో గీరితే గీత పడేటంత మెత్తని లోహం. అంత మెత్తనిది అంత వేగంతో ఎముకకు తగిలితే ఏమవుతుందో ఊహించవచ్చును. కొంత పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. కొంత తునకలై, ఆ తునకలు పొడియై చుట్టూ చిమ్ముతుంది.

అలా విచ్చుకోవటంకోసమే వేట గుండ్లను చేస్తారు. ఈ కథలో మన దేశానికి కూడా చోటున్నది. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాగారంలో 1896 ప్రాంతంలో బెర్టీ-క్లే అనే సైనికాధికారి ముక్కు మెత్తగా వుండి విచ్చుకునే గుండు తయారుచేయించాడు. అది చేసే గాయం చూచి లోకం గగ్గోలు పెట్టగా, 1899లో హేగు నగరంలో రాజ్యాలు సమావేశమై యుద్ధంలో అటువంటి గుండ్లు వాడరాదని ఒడంబడిక చేసుకున్నవి. వేటలో మాత్రం అవే కావాలి. విచ్చుకోని గుండు సూదిలా దూరి అవతలికి పోతుంది. జంతువు గాయంతో పరుగెత్తి ఎక్కడో పొదలో పడి గంటలకొద్దీ తీసుకుంటుంది. మనిషికి కూడదన్న గుండు మృగానికి దయ అయినదన్నమాట. ఇదొక వింత.

2008లో ఉత్తర డకోటా రాష్ట్రంలో కార్నట్జర్ అనే డాక్టరు, తాను కూడా వేటగాడే, బీదలకు పంచిపెట్టటానికి వేటగాండ్లు దానం చేసిన జింక మాంసం పొట్లాలను సుమారు నూరు తెచ్చి ఎక్స్‌రే పరీక్ష చేయించాడు. సగానికి పైగా పొట్లాలలో లోహపు నలుసులు తెల్లని చుక్కలుగా కనబడ్డవి. ప్రభుత్వంవారు ఆ దానపు మాంసాన్ని పారవేయమన్నారు. అదే సంవత్సరం మిన్నెసోటా అడవి శాఖవారు చచ్చిన గొర్రెలమీద రకరకాల గుండ్లు కాల్చి ఎక్స్‌రే తీసి చూచారు. గాయానికి పద్ధెనిమిది అంగుళాల దూరంలో కూడా సీసపు నలుసులు దొరికినవి. పద్ధెనిమిది అంగుళాలంటే మన మూర. గాయం చుట్టూ నాలుగు వేళ్ళ మేర కోసి పారేసి చేతులు కడుక్కుంటే సరిపోదన్నమాట. నీళ్ళతో కడిగితే గాయం దగ్గరి సీసం కొంత పోతుంది గాని, తక్కినచోట్లకు పాకుతుందని కూడా అందులో తేలింది.

అక్కకు మేము చెప్పిన మాట ఇది: తాత కాలంలో పంటికి తగిలినది ఉమ్మివేశారు. ఇప్పటి భయం పంటికి తగలనిది. దుమ్మువంటి నలుసు నాలుకకు తెలియదు, కంటికి కనబడదు, కూరలో పోపు గింజంత కూడా వుండదు. పెద్ద గుండు ముక్క పొరపాటున మింగినా చాలావరకు వచ్చిన దారినే పోతుంది. పొడి అలా కాదు. నలుసు ఎంత చిన్నదైతే కడుపులోని పులుపు దాన్ని అంత త్వరగా కరగదీస్తుంది.

పులుపు మాట వచ్చింది గనుక ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ వ్యాసమంతటిలో మన ఆడవారు గుర్తుంచుకోవలసినది ఏదైనా వుంటే ఇదే. కాగితాలలో వాళ్ళు వెనిగరు, ద్రాక్షసారా వేసి వేట మాంసాన్ని వండవద్దని వ్రాశారు. స్పెయిను దేశంలో సీసపు రవ్వలు తగిలిన పక్షుల మాంసాన్ని వెనిగరు వేసి వండి చూస్తే, మామూలుగా వండినదానికన్న ఎక్కువ సీసం కూరలోకి దిగిందట. దిగినది ఒంటికి పట్టటానికి కూడా మరింత అనువుగా వున్నదట. వెనిగరుకు మన ఇళ్ళలో చోటు తక్కువ. కాని చింతపండు? పులుపు పులుపే గదా. నిమ్మకాయ పిండి, పెరుగులో నానవేసి, ఉప్పూ కారం పట్టించి రాత్రంతా వుంచటం. తెల్లవారి చింతపండు రసం పోసి గంటసేపు సన్నని సెగమీద ఉడికించటం. మన దుప్పి పులుసు వండే పద్ధతి సీసాన్ని కరిగించటానికి ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టినట్టు వున్నది. రోగపు క్రిములైతే సెగకు చస్తాయి. సీసం చావదు. ఎంత ఉడికించినా సీసం సీసమే.

అక్క ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “చింతపండు లేకుంటె అది పులుసెట్లయితది తమ్మీ?” అన్నది.

ఒంటిలోకి పోయిన సీసం చేసే పని గురించి డాక్టర్లు చెప్పినది క్లుప్తంగా ఇంతే. ఒళ్ళు దాన్ని సున్నంగా భ్రమించి ఎముకలలో దాచిపెడుతుంది. పెద్దవారి ఒంటిలోని సీసంలో నూటికి తొంభై పాళ్ళు ఎముకలలోనే వుంటుంది. స్త్రీ గర్భవతి అయినప్పుడు బిడ్డ ఎముకలకు కావలసిన సున్నం తల్లి ఎముకలలోనుంచి కొంత కరిగి వస్తుంది. దానితోపాటు దాగివున్న సీసం కూడా బయలుదేరుతుంది. మాయ దానిని ఆపలేదు. పుట్టిన తరువాత కూడా, తిన్న సీసంలో పెద్దల ఒంటికి పట్టేదానికి నాలుగయిదు రెట్లు పసిపిల్లల ఒంటికి పడుతుంది. చెడేది ముఖ్యంగా బుద్ధి, చదువు, నిలకడ. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు అంటున్నారు.

మా కోడలు 1994లో ఇక్కడే, ఆగ్రా రోడ్డుకు దగ్గరలో పుట్టింది. మన దేశంలో పెట్రోలులో సీసం కలపటం 2000 సంవత్సరంలో గాని పూర్తిగా ఆగలేదు. ఆ ఆరేళ్ళ పొగ ఆ పిల్ల ఎముకలలో ఎంతో కొంత వుండే వుంటుంది. దానికి తోడు మరికొంత చేర్చటమెందుకు?

న్యాయం కొద్దీ రెండవ పక్షం కూడా చెప్పాలి. అదే 2008లో ఉత్తర డకోటాలో 738 మంది రక్తం పరీక్షించారు. వేట మాంసం తినేవారి రక్తంలో సీసం తిననివారికన్న డెసిలీటరుకు 0.30 మైక్రోగ్రాము ఎక్కువ వున్నది. అంటే స్వల్పం. ఆనాడు పిల్లలకు పెట్టిన ప్రమాదపు గీత 10 మైక్రోగ్రాములు. దానిని దాటినవారు ఆ పరీక్షలో ఒక్కరూ లేరు. వేటగాండ్ల సంఘాలవారు దీన్ని చూపించి, చూశారా ఏమీ లేదన్నారు. వారి మాట కొట్టిపారేయటానికి లేదు. పెద్దమనిషి ఏడాదికి రెండుసార్లు తింటే మిన్ను విరిగి మీదపడదు. అయితే ఆ గీత 2012లో 5కు, 2021లో 3.5కు దిగింది. చదువుతున్నకొద్దీ కిందికే జరుగుతున్న గీతను నమ్ముకొని గర్భిణికి వడ్డించటం మాకు నచ్చలేదు.

ఇక కొత్త గుండు సంగతి. మనవాడు అడిగిన రెండవ ప్రశ్న ఇదే, నిజానికి మాకు ఎక్కువ సరదాగా వున్నదీ ఇదే.

మొదట, పెట్టె మీద రాగి బొమ్మ చూచి మోసపోరాదు. మామూలు సీసపు గుండ్లు కూడా పైకి రాగి రంగులోనే మెరుస్తుంటాయి. లోపల సీసం, పైన పల్చని రాగి మిశ్రమపు తొడుగు. ఆ తొడుగు లోహానికి ఇంగ్లీషులో పేరే గిల్డింగు మెటలు. మన గిల్టు నగలన్నమాట! ఈ పేర్ల గొడవ అన్నిచోట్లా వున్నది. మా గద్దెలో మరాఠీ గుమాస్తాలు పెన్సిలును “శిసపెన్సిల్” అంటారు. అందులో సీసం నలుసయినా లేదు. ఇక్కడ రాగిగుండు అని అమ్మేదానిలో కడుపంతా సీసం. కనుక “సీసం లేనిది”, “పూర్తిగా రాగి” అని స్పష్టంగా అచ్చువేసిన పెట్టెనే తీసుకోవాలి. తొడుగును లోపలి సీసానికి కరిగించి అంటించిన గుండ్లు కూడా వున్నవి. అవి తక్కువ విరుగుతాయి. తక్కువే గాని, విరగవని కాదు.

పూర్తి రాగి గుండును పేరుపొందేటట్టు చేసినవారు బార్న్స్ కంపెనీవారు, 1980ల చివరలో. ఇప్పుడు హార్నడీ, నోస్లర్, ఫెడరల్, ఫిన్లండు దేశపు లాపువా మొదలైనవారందరూ చేస్తున్నారు. కడ్డీ రాగిని మలచి, ముక్కులో చిన్న గుంట తొలుస్తారు. కొన్నిటికి ఆ గుంటలో ప్లాస్టిక్కు మొన బిగిస్తారు. జంతువుకు తగలగానే ముక్కు నాలుగు రేకులుగా వెనక్కు విచ్చుకుంటుంది. ఫోటో చూస్తే నందివర్ధనం పువ్వుకు ఒక రేకు తక్కువైనట్టు వున్నది. రేకులు సాధారణంగా మొదలునుంచి ఊడవు. అందుచేత నలుసులు దాదాపు వుండవు. ఒకవేళ చిన్న రాగి తునక కడుపులో పడినా సీసంతో దానికి పోలిక లేదు. రాగి చెంబులో నీళ్ళు తాగిన జాతి మనది.

బరువు దగ్గర మనవాడు తికమకపడ్డాడు. ఇన్నాళ్ళు అతడు వాడినది 180, మా తులం గుండు. రాగిలో అదే బరువు కొనబోతే దుకాణంలో పెద్దాయన వద్దని, 150 తీసుకోమన్నాడట. తక్కువ బరువుతో జంతువు పడుతుందా అని వీడి సందేహం. ఇది గుమాస్తాల లెక్కే అని మాకు తోచింది. నూలులో వేస్టేజి ఎలా తీసివేస్తామో అలాగే చూడాలి. సీసపు గుండు 180లో నూటికి ముప్పయి పాళ్ళు తునకలై పోయిందనుకుందాము. 54 పోయి 126 మిగులుతుంది. రాగి గుండు 150లో రెండు మూడు గ్రెయినులు పోతాయి, 147 మిగులుతుంది. బేరం మొదట్లో తక్కువగా కనబడినది చివరికి ఎక్కువ చేరుతున్నది. పైగా సీసం ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములైతే రాగి 8.96 మాత్రమే. ఒకే లావు గొట్టంలో పోవలసిన గుండు గనుక, ఒకే బరువు కావాలంటే రాగి గుండు పొడవు కావాలి.

పొడవైతే వచ్చే చిక్కు మెలిక. తుపాకి గొట్టం లోపల మరచుట్టుగా గాళ్ళు చెక్కివుంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పుతాయి. తిరగకపోతే గుండు గాలిలో పల్టీలు కొడుతుంది. గుండు పొడవైనకొద్దీ వేగంగా తిరగాలి. మేము నూలు బిల్లులో అంగుళానికి ఇన్ని మెలికలని వ్రాస్తాము. తుపాకివారు తిరగేసి, ఇన్ని అంగుళాలకు ఒక మెలిక అంటారు. మనవాడి రైఫిలుది పది అంగుళాలకు ఒకటి. 150 రాగి గుండుకు అది ధారాళంగా చాలునని తయారీదారుల పట్టికలో వున్నది. పన్నెండు అంగుళాలకు ఒక మెలిక వున్న పాత రైఫిళ్ళవారు పొడుగాటి రాగి గుండ్ల జోలికి పోకుండా తేలికవి తీసుకోవటం మేలు.

మూడవది వేగం. సీసం మెత్తనిది గనుక వేగం తగ్గినా విచ్చుకుంటుంది. రాగి మొండిది. గుండు తగిలేటప్పుడు దాని వేగం సెకనుకు రెండు వేల అడుగులకు తగ్గకుండా వుంటే మంచిదని సామాన్యంగా చెబుతారు. కొన్ని కంపెనీలవారు 1,800 అయినా చాలునంటారు. తేలిక గుండు తీసుకోమనటానికి ఇది కూడా ఒక కారణం. తేలికది వేగంగా పోతుంది. మనవాడు వేటాడేది చెట్ల నడుమ, నూరు గజాల లోపు. కనుక అతనికి ఈ బాధ లేదు. మైదానాలలో నాలుగు వందల గజాలనుంచి కొట్టాలనుకునేవారు మాత్రం పెట్టెమీది పట్టిక చదవకుండా తుపాకి ఎత్తకూడదు.

నాలుగవ సంగతి, ఏ రైఫిలుకు ఏ గుండు నచ్చుతుందో బ్రహ్మకు కూడా తెలియదు. ఒకే కంపెనీ, ఒకే నమూనా రైఫిళ్ళు రెండిటికి రెండు రకాల గుండ్లు కుదురుతాయట. మగ్గాలు నడిపేవారికి ఇది చెప్పనక్కరలేదు. ఒకే షెడ్డులో పక్కపక్కన వున్న రెండు మగ్గాలు ఒకే నూలును ఒకేలా నేయవు. అందుచేత రెండు మూడు కంపెనీల పెట్టెలు ఒక్కొక్కటి కొని, గొట్టంలోని పాత మసి, పాత రాగి తుడిచి, బల్లమీద ఆనించి నూరు గజాల గురికి మూడేసి కాల్చి చూచుకోవాలి. మూడు బెజ్జాలు దగ్గరగా పడ్డ రకం మనది. గురి దుర్భిణిని దానికి తగినట్టు మళ్ళీ సరిచేయాలి. సీసపు గుండుకు సరిచేసిన గురితో రాగి గుండు కాల్చి, తప్పిపోయిందని రాగిని తిట్టేవారు చాలామంది వున్నారట.

రాగి గుండుతో జంతువు సరిగా చావదనే మాట కూడా వేటగాండ్లలో వున్నది. డెన్మార్కులోను, జర్మనీలోను అసలైన వేటలలో లెక్కలు తీసి చూచి, చెప్పుకోదగిన తేడా లేదన్నారు. డెన్మార్కు అయితే 2024 ఏప్రిలునుంచి వేటకు సీసపు రైఫిలు గుండ్లను నిషేధించింది కూడా.

ఖరీదు ఎక్కువ. ఇది నిజం, దాచవలసిన పనిలేదు. కాని పెట్టెకు ఇరవై తూటాలు. గురి సరిచూచుకోవటానికి పది పోయినా, జింకకు పట్టేది ఒకటి, మహా అయితే రెండు. ఏడాదికంతకూ ఒకటి రెండు పెట్టెలు. లైసెన్సు, పెట్రోలు, కసాయి కూలి, నారింజ కోటు అన్నీ కొన్నవాడు తూటా దగ్గర పైసలు లెక్కపెట్టటం, పెండ్లి పందిరంతా వేసి మామిడాకుల దగ్గర బేరమాడటంవంటిది. అదే మాట అల్లుడితో అంటే నవ్వాడు.

మనుషుల సంగతి ఇలా వుంటే పక్షుల సంగతి మరీ అన్యాయం. వేటగాడు జింకను అక్కడే చీల్చి పేగులు అడవిలో వదలి వస్తాడు. వాటిని తినటానికి గ్రద్దలు, రాబందులు వస్తాయి. వాటి కడుపులోని పులుపు మన కడుపుకన్న తీవ్రం. కాలిఫోర్నియాలోని కాండర్ అనే పెద్ద రాబందులు 1982 నాటికి ఇరవై రెండు మాత్రమే మిగిలాయి. వున్నవాటినన్నిటిని పట్టి పెంచి, పిల్లలను చేయించి మళ్ళీ అడవిలో వదిలితే, అవి మళ్ళీ సీసం తిని చావటం మొదలుపెట్టినవి. చివరకు ఆ రాష్ట్రంవారు 2013లో చట్టం చేసి, 2019 జూలై 1నుంచి వేటలో సీసపు గుండ్లనే మాన్పించారు. జపానులో హొక్కైదో ద్వీపంవారు సముద్రపు గ్రద్దలకోసం 2000లోనే జింకల వేటలో ఆ పని చేశారు. మిన్నెసోటాలో నిషేధం లేదు. అక్కడి విశ్వవిద్యాలయంవారి పక్షుల ఆస్పత్రికి మాత్రం జింకల వేట కాలం రాగానే సీసం తిన్న గ్రద్దలు వస్తుంటాయి.

మన రాబందులు పోయినది సీసంవల్ల కాదు. పశువులకు వేసిన డైక్లోఫినాక్ మందువల్ల అని 2004లో తేలింది. 2006లో ఆ మందును పశువులకు వాడటం మానిపించారు. మందు వేరు గాని దారి ఒకటే: మనం జంతువు ఒంటిలో పెట్టినది దానిని తిన్నవారి ఒంటిలోకి పోతుంది. మా చిన్నప్పుడు ఊరికి పోతే చచ్చిన గొడ్డు దగ్గర మూగిన రాబందులను చూచి భయపడేవాళ్ళము. ఇప్పుడు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్టమీద కొన్ని వున్నట్టు 2013లో బయటపడితే అది పత్రికలలో వార్త అయింది.

ఇంతా విన్న తరువాత ఫ్రీజరులో వున్న మాంసం మాట తేలవలసి వచ్చింది. తిండి పారవేయటం మా అక్క ఎరుగదు. మగ్గాలు ఆగిపోయి ఇంట్లో గింజ లేని రోజులు చూచిన మనిషి. “పారేయాల్నంటె చేతులెట్ల వస్తయి” అని రెండుసార్లు అన్నది. ఖీమా పొట్లాలు పారవేయక తప్పదని మేము చెప్పాము. ఖీమాలో ముక్కా చెక్కా అన్నీ కలిసిపోతాయి, ఏ నలుసు ఏ పొట్లంలో వున్నదో కనిపెట్టలేము. అదీగాక కొన్ని దుకాణాలవారు నలుగురి జింకలను కలిపి తిప్పుతారట. గుండు తగిలినది భుజం వెనుక గనుక వెనుక తొడలు మూరకన్న దూరమే. ఆ ముక్కలు వాడు తింటే తినవచ్చు. కోడలికి వద్దు, అక్క పుట్టబోయే మనవడికో మనవరాలికో పాలిచ్చినన్నాళ్ళు కూడా వద్దు. ఇదీ మా తీర్పు. అక్క దానిని ఇంకొంచెం సవరించింది: “వాడు మాత్రమెందుకు తినాలె? అందరికీ కోడి పులుసు పెడతా.”

మేనల్లుడు మూడు రకాలు కాల్చి చూచి, రెండవ కంపెనీ 150 రాగి గుండును ఖాయం చేసుకున్నాడు. మిగిలిన పదకొండు సీసపు తూటాలు కాగితపు గురిమీద కాల్చటానికి పెట్టుకున్నాడు. సీసం పట్టిన చేతులు సబ్బుతో కడగకుండా కోడలి దగ్గరికి పోవద్దని వాళ్ళమ్మ ఆజ్ఞ.

మొన్న ఆదివారం అక్క కొత్త ప్రశ్న ఒకటి లేవదీసింది. వీడు రాగి కాలుస్తాడు సరే, స్నేహితులు తెచ్చి పెట్టే మాంసం మాటేమిటని. మనవాడు తనతో వేటకు వచ్చే నలుగురినీ అడిగాడట. ఇద్దరు నవ్వి ఊరుకున్నారు. ఒకాయన, నలభై ఏళ్ళుగా తింటున్నాను నాకేమయిందని కొంచెం కటువుగానే అన్నాడు. నాలుగవ ఆయన ఏమీ అనకుండా, వీడు కొన్న పెట్టె పేరు, బరువు ఒక చీటీమీద వ్రాసి ఇమ్మన్నాడట. ఆయన ఇంట్లో మూడేళ్ళ పాప వున్నది.